మందుకు పురుగు నరమైనా కూలీ నరమైనా ఒక్కటే

శంషాబాద్ విమానాశ్రయం ప్రహరీ దాటి పల్లెల వైపు పోతే ఇంకా అక్కడక్కడా మడులు కనిపిస్తాయి. టమాట, వంకాయ, బెండ, క్యాబేజీ, ఆకుకూరలు, బంతిపూలు. పైన విమానం వెంట విమానం దిగుతుంటుంది. కింద ఒక మనిషి వీపుకు పంపు కట్టుకొని సాలు వెంట సాలు నడుస్తుంటాడు. పంపు మూత కారి మందునీళ్లు వీపు మీదుగా నడుముకు జారుతుంటాయి. గట్టు మీద ఒక ఆడమనిషి. ఆమె పక్కన నీళ్ల బిందె, చేతిలో మందు డబ్బా. మూతతో కొలిచి, కర్ర దొరక్కపోతే చేత్తోనే కలిపి పంపులో పోస్తుంది. అదే చెయ్యి కొంగుకు తుడుచుకొని మధ్యాహ్నం సద్ది విప్పుతుంది.

"కండ్లు మసకలైనయ్. నోట్లె ఒకటే నీళ్లూరినయ్. కాళ్లు వణికినయ్. ఎండ తగిలిందనుకున్న." పిచికారీ పనికి పోయేవాళ్లను ఏ ఊళ్లో కదిలించినా ఈ మాటే వస్తుంది. "పొద్దుగాల తినకుంట వచ్చినవా?" అంటాడు ఆసామి. "రాత్రి కల్లు ఇంకా దిగలే" అని పక్కవాళ్లు నవ్వుతారు. ఇంటికి చేరితే గాలి సోకిందని ముసలమ్మ దిష్టి తీస్తుంది. మర్నాడు మళ్లీ పంపు వీపుకెక్కుతుంది. కూలి పోగొట్టుకోలేం గదా!

ఎండ, పస్తు, కల్లు - వీటి మీదికి నెట్టేసే ఈ బాధకు చాలాసార్లు అసలు కారణం డబ్బాలోనే ఉంటుంది. ఆ డబ్బాలో మందును తయారు చేసిందే పురుగు నరాలను పట్టుకోవడానికి. పురుగు నరమూ మనిషి నరమూ ఈ ఒక్క విషయంలో ఒకే తీరున పనిచేస్తాయి. అందుకే కూలిపని చేసుకునే ప్రతి మనిషికీ తన ఒంట్లో నరాలు ఎలా అమరి ఉన్నాయో, ఎలా పనిచేస్తాయో కొంతైనా తెలిసి ఉండాలి. ఇది డాక్టర్ల సొంత విద్య కాదు.

ఒంట్లో కబురు మోసే ఏర్పాటు

నాడీవ్యవస్థలో రెండు భాగాలున్నాయి. ఒకటి కేంద్రం: పుర్రెలో మెదడు, వెన్నుపూసల నడుమ వెన్నుపాము. రెండోది ఆ కేంద్రం నుంచి వేలికొసల దాకా పాకిన నరాలు. మెదడు నుంచి నేరుగా 12 జతలు, వెన్నుపాము నుంచి 31 జతలు బయటికొస్తాయి. కొన్ని పోగులు చర్మం, కన్ను, చెవి నుంచి లోపలికి కబురు తెస్తాయి. కొన్ని కేంద్రం నుంచి కండరాలకు హుకుం తీసుకుపోతాయి.

పెద్దమనిషి మెదడు బరువు కిలో మూడు నాలుగు వందల గ్రాములు. అందులో సుమారు 8,600 కోట్ల నాడీకణాలున్నాయి. ఒంటి బరువులో మెదడు యాభయ్యో వంతే అయినా ఒళ్లు ఖర్చు పెట్టే శక్తిలో ఐదో వంతు దానికే పోతుంది. పస్తున్న నాడు తల పని చేయదని మనవాళ్లు ఊరికే అనలేదు. ఆలోచన, మాట, జ్ఞాపకం పెద్దమెదడు పని. సన్నటి గట్టు మీద బిందె నెత్తిన పెట్టుకొని తూలకుండా నడిపించేది వెనకనున్న చిన్నమెదడు. అడుగున, మెడతో కలిసే చోట మజ్జాముఖం ఉంది. మనం నిద్రపోయినా ఊపిరి ఆగకుండా చూసేది అదే. ఈ చివరి సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ అవసరపడుతుంది.

కలుపు తీస్తుంటే వేలికి ముల్లు గుచ్చుకుంటుంది. "అబ్బ" అనుకునే లోపే చెయ్యి వెనక్కి వచ్చేస్తుంది. కబురు మెదడు దాకా పోయి రావడం ఆలస్యమని వెన్నుపామే హుకుం ఇచ్చేస్తుంది, నొప్పి సంగతి మెదడుకు ఆ తర్వాత తెలుస్తుంది. అన్నిటికన్నా వేగమైన నరం పోగుల్లో కబురు సెకనుకు 100 మీటర్లకు పైగా ఉరుకుతుంది. శంషాబాద్‌లో దిగే పెద్ద విమానం నేలను తాకేటప్పుడు దాని వేగం సెకనుకు 70 మీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. అంటే మన ఒంట్లో కబురు దానికన్నా ముందుంటుంది.

చెయ్యి ఎత్తడం, అడుగు వేయడం మన ఇష్టం మీద జరిగే పనులు. గుండె కొట్టుకోవడం, పేగు కదలడం, ఉమ్మి ఊరడం, కంటిపాప చిన్నదీ పెద్దదీ కావడం మన ఇష్టం మీద లేవు. వీటిని చూసుకునే నరాలు వేరు. వాటిలో మళ్లీ రెండు జట్లు. పాము కనబడితే గుండె దడదడలాడించి, కంటిపాప పెద్దది చేసి, పరుగుకు సిద్ధం చేసేది ఒక జట్టు. పుస్తకాల్లో దాని పేరు సహానుభూత వ్యవస్థ. తిని నీడపట్టున కూర్చుంటే గుండెను నెమ్మది చేసి, ఉమ్మి ఊరించి, పేగులు కదిలించేది రెండోది, పర సహానుభూత వ్యవస్థ. కాడికి కట్టిన జోడెద్దుల్లాగా రెండూ సమంగా లాగితేనే ఒళ్లు సాలు తప్పకుండా నడుస్తుంది.

నీరటి పని

ఒక నాడీకణం ఇంకో కణానికి నేరుగా అతుక్కొని ఉండదు. నడుమ కంటికి ఆనని సందు ఉంటుంది. దాన్ని నాడీ సంధి అంటారు. నరం పోగు వెంట కరెంటులా వచ్చిన కబురు ఆ సందును ఎలా దాటుతుంది? వందేళ్ల కిందట పెద్ద పండితులే దీని మీద వాదులాడుకున్నారు.

1921లో ఆస్ట్రియా దేశం గ్రాజ్ పట్టణంలో ఓటో లోవీ అనే శాస్త్రవేత్త దీన్ని తేల్చాడు. ప్రయోగం ఎలా చేయాలో ఆయనకు కలలో తట్టిందట. లేచి కాగితం మీద గీక్కొని పడుకుంటే పొద్దున ఆ రాత ఆయనకే అర్థం కాలేదు. మర్నాటి రాత్రి మళ్లీ అదే కల వస్తే ఇక పడుకోకుండా నేరుగా ప్రయోగశాలకు పోయాడు. రెండు కప్పల గుండెలు తీసుకున్నాడు. మొదటి గుండెకు పోయే నరాన్ని ప్రేరేపిస్తే అది నెమ్మదించింది. దాని చుట్టూ ఉన్న నీటిని తీసి రెండో గుండె మీద పోస్తే అదీ నెమ్మదించింది. రెండో గుండెను ఏ నరమూ తాకలేదు. అంటే నరం కొస నుంచి ఏదో రసం ఊరి కబురు మోస్తున్నదన్నమాట. ఆ రసం ఎసిటైల్‌కోలిన్ అని తేలింది. దీనికి ఆయనకు, ఇంగ్లాండు శాస్త్రవేత్త హెన్రీ డేల్‌కు కలిపి 1936లో నోబెల్ బహుమతి వచ్చింది.

రసం ఊరితే చాలదు, పని కాగానే అది పోవాలి. మన ఊళ్లలో చెరువు తూము ఎత్తడానికి, దించడానికి నీరటి ఉండేవాడు. తూము ఎత్తితే నీరు వస్తుంది, మడి తడుస్తుంది. తడిసిన వెంటనే దించకపోతే మడి మునుగుతుంది. నరాల సందులో ఆ నీరటి పని చేసేది ఒక ఎంజైము. పేరు ఎసిటైల్‌కోలినెస్టరేజ్. నోరు తిరగని పేరు గానీ పని మాత్రం చురుకు. ఒక్కొక్క ఎంజైము కణం సెకనులో వేల రసం కణాలను విరిచి పారేస్తుంది. కబురు వచ్చింది, పని అయింది, తూము దిగింది. కండరం మళ్లీ వదులవుతుంది.

పురుగుమందుల్లో ఒక పెద్ద జాతి ఉంది. ఆర్గనోఫాస్ఫేట్లు అంటారు. మోనోక్రోటోఫాస్, క్లోర్‌పైరిఫాస్, ప్రొఫెనోఫాస్, ఎసిఫేట్, ఫోరేట్ గుళికలు ఈ జాతిలోవే. ఇవి ఆ నీరటి చేతులు కట్టేస్తాయి. కార్బరిల్ వంటి కార్బమేట్లు చేసేదీ అదే, కాకపోతే వాటి కట్టు త్వరగా ఊడుతుంది. తూము దించేవాడు లేక మడి మునిగినట్టు సందుల్లో రసం నిండిపోతుంది. పురుగు వణికి, కాళ్లు కొట్టుకొని చస్తుంది. మనిషి ఒంట్లో చేరినప్పుడూ జరిగేది అదే. మోతాదు మాత్రమే తేడా.

ఒంట్లో ఏం జరుగుతుందో ఒక్కొక్కటి చూద్దాం. ఇందాక చెప్పిన నెమ్మది జట్టు పగ్గాలు తెంచుకుంటుంది. ఉమ్మి కారుతుంది, కళ్ల నీళ్లు, చెమట, వాంతి, కడుపునొప్పి, విరేచనం. మూత్రం ఆగదు. కంటిపాప ఆవగింజంత అయి చూపు మసకబారుతుంది. ఊపిరి గొట్టాలు బిగుసుకుని వాటిలో చీమిడి నిండి ఆయాసం వస్తుంది. ఇష్టం మీద నడిచే కండరాలు మొదట చర్మం కింద పురుగులు పాకినట్టు అదురుతాయి, తర్వాత చేవ కోల్పోతాయి. మెదడుకు తగిలితే తలనొప్పి, తిక్కమకతిక్కమక మాటలు, మూర్ఛ. చివరికి ఊపిరి ఆడించే మజ్జాముఖం మూగబోతుంది. ఈ విషానికి చనిపోయేవాళ్లలో ఎక్కువమంది ఊపిరి ఆగి చనిపోతారు.

ఈ విద్య ఎక్కడిది?

లోవీకి నోబెల్ బహుమతి అందిన 1936 డిసెంబరులోనే, జర్మనీలో ఐ.జి. ఫార్బెన్ అనే గుత్త కంపెనీలో గెర్హార్డ్ ష్రాడర్ అనే రసాయనవేత్త పురుగుల మందు కోసం వెతుకుతూ ఒక ద్రవం తయారు చేశాడు. కొద్ది రోజులకే దాని ఆవిరి తగిలి ఆయన కంటిపాపలే ముడుచుకుపోయాయి, ఊపిరి బిగబట్టింది. కంపెనీ ఆ సంగతిని హిట్లర్ సైన్యానికి చెప్పింది. అదే టాబున్ అనే యుద్ధ విషవాయువు. 1938లో సారిన్ వచ్చింది. టాబున్ తయారుచేసిన ఫ్యాక్టరీలో ఖైదీల చేత వెట్టి చేయించారు. అదే 1938లో నాజీలు లోవీని జైల్లో పెట్టి, ఆయన నోబెల్ సొమ్ము లాక్కుని దేశం నుంచి వెళ్లగొట్టారు. నరం ఎలా పనిచేస్తుందో కనిపెట్టినవాడికి జైలు, ఆ నరాన్ని ఎలా ఆపాలో తెలుసుకున్న కంపెనీకి సైన్యం కాంట్రాక్టు! యుద్ధం ముగిశాక ష్రాడర్ కుటుంబంలోని పారాథియాన్ వంటి మందులు పొలాల్లోకి వచ్చాయి.

భోపాల్‌ను ఎవరు మరిచిపోతారు? 1984 డిసెంబరు 2-3 తేదీల రాత్రి యూనియన్ కార్బైడ్ ఫ్యాక్టరీ నుంచి వెలువడిన మిథైల్ ఐసోసయనేట్‌ను నిల్వ చేసింది ఇందాక చెప్పిన కార్బరిల్ తయారీకే. 2013 జులైలో బీహార్‌లోని ఛప్రా దగ్గర బడి భోజనంలో మోనోక్రోటోఫాస్ కలిసి 23 మంది పిల్లలు చనిపోయారు.

బావి ఊట

చాలామంది కూలీలు అడిగే ప్రశ్న ఒకటుంది: "నిన్న కొట్టినప్పుడు ఏం కాలే, గింతే మందు. ఇయ్యాల ఎందుకు పడిపోయిన?"

ఒంట్లో ఆ ఎంజైమును బావిలో నీళ్లనుకోండి. ఒకరోజు పిచికారీ కొంత తోడేస్తుంది. ఊట మెల్లగా వస్తుంది. ఈ మందులు గట్టిగా పట్టేసిన ఎంజైము మళ్లీ విడిపడదు, ఒళ్లు కొత్తది తయారు చేసుకోవాలి. నెత్తుటిలో ఎర్రకణాల ఎంజైము రోజుకు నూటికి ఒక పాలు చొప్పునే తిరిగి వస్తుంది. అంటే పూర్తిగా కోలుకోవడానికి నెలలు. సగానికి పడిపోయేదాకా చాలామందికి ఏమీ తెలియదు. సీజనులో నెలకు పది పన్నెండు సార్లు, ఈ ఆసామి దగ్గర ఒకసారి, ఆ ఆసామి దగ్గర ఒకసారి కొట్టే కూలీ బావిలో నీళ్లు అడుగంటి ఉంటాయి. ఆ రోజు పడ్డ కొద్దిపాటి మందే అతన్ని పడగొడుతుంది. తన ఒక్క పొలంలో ఏడాదికి నాలుగుసార్లు కొట్టుకునే ఆసామికి, నలుగురి పొలాల్లో కొట్టే కూలీకి ఇక్కడే తేడా వస్తుంది.

ఈ మందు నోట్లో పడితేనే ప్రమాదం అనుకుంటారు. కాదు. పిచికారీ పనిలో ముఖ్యమైన దారి చర్మం. చెమటతో తడిసిన చర్మం ఇంకా త్వరగా పీల్చుకుంటుంది. మందు పడిన బట్ట ఒంటి మీద ఉన్నంతసేపూ విషం ఎక్కుతూనే ఉంటుంది. ఆ బట్టలు ఉతికే ఇంటి ఆడవాళ్ల చేతులకూ అంటుతుంది.

ఇక్కడ ఆడకూలీల సంగతి విడిగా చెప్పాలి. మన దేశంలో మూడు గ్రామాల పత్తి సాగుదార్ల మీద ఒక సీజను పొడవునా జరిపిన పరిశీలన 2005లో అచ్చయింది. 50 మంది స్త్రీలు తమకూ తమ ఇంటి మగవాళ్లకూ మందు కొట్టిన ప్రతిసారీ ఏమైందో గుర్తు పెట్టారు. మొత్తం 323 సందర్భాలు. వాటిలో నూటికి 83 పైచిలుకు సార్లు ఏదో ఒక విషలక్షణం కనిపించింది. పంపు మోసేది మగవాడు గదా అని పేరే గానీ, చిక్కటి మందు కలిపి పంపులు నింపే ఆడవాళ్లకు అంటేది తక్కువేమీ కాదని తేలింది. నూటికి ఆరుసార్లు నరాల మీద దెబ్బ చాలా తీవ్రంగా ఉంది. అయినా ఒక్కరంటే ఒక్కరు కూడా డాక్టరు దగ్గరికి పోలేదు! పెద్ద భూములున్నవాళ్ల కంటే పేద సన్నకారు రైతులకే తీవ్ర విషప్రభావం ఎక్కువసార్లు సోకింది. వర్గం సంగతి డాక్టర్ల లెక్కల్లో కూడా దాగదు.

వరంగల్ మహాత్మాగాంధీ ఆస్పత్రిలో 1997 నుంచి 2002 దాకా పురుగుమందు విషంతో చేరినవాళ్లు 8,040 మంది. నూటికి 22 మందికి పైగా బతకలేదు. 2002 నాటి వివరాలు చూస్తే దాదాపు అందరూ బతుకు మీద విరక్తితో తాగినవాళ్లే, మూడింట రెండొంతుల మంది ముప్పై ఏళ్లలోపువాళ్లు. అప్పుల పాలైన ఇంట్లో చేతికి అందేంత దూరంలో ఈ డబ్బా ఉండటమే ఎన్ని ప్రాణాలు తీసిందో చూడండి. పనిలో విషం సోకిన కూలీలు మాత్రం ఆ లెక్కలో కనిపించరు. వాళ్లు ఆస్పత్రి గడప తొక్కితే గదా!

పడిపోయిన మనిషిని ఏం చేయాలి?

ముందు చేనులోంచి బయటికి, గాలి వీచే చోటికి తీసుకురావాలి. బట్టలన్నీ విప్పేయాలి. సిగ్గుపడి ఆలస్యం చేయకూడదు, ఆడవాళ్లయితే నలుగురు అక్కలు చుట్టూ చీర పట్టుకొని ఆ పని చేయాలి. సబ్బు పెట్టి ధారగా నీళ్లతో ఒళ్లు, జుట్టు, గోళ్ల సందులు కడగాలి. కడిగేవాళ్లు చేతులకు ప్లాస్టిక్ సంచులైనా తొడుక్కోవాలి. స్పృహ తప్పితే పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. చింతపండు నీళ్లు, ఉప్పునీళ్లు పోసి కక్కించడం, పాలు తాగించడం వద్దు. కక్కు ఊపిరితిత్తుల్లోకి పోతే అదే ప్రాణం తీస్తుంది. 108కి ఫోను చేయాలి. అన్నిటికన్నా ముఖ్యం, మందు డబ్బాను, కనీసం దాని చీటీని, వెంట తీసుకుపోవాలి.

చీటీ ఎందుకంటే మందులన్నీ ఒక్క జాతి కావు. సింథటిక్ పైరెత్రాయిడ్లు, ఇమిడాక్లోప్రిడ్ కూడా నరాలనే పట్టుకుంటాయి గానీ వేరే చోట. ఆర్గనోఫాస్ఫేటు అయితే డాక్టరు ఆట్రోపిన్ ఇంజెక్షను మళ్లీ మళ్లీ ఇస్తాడు, అవసరాన్ని బట్టి ప్రాలిడాక్సిమ్ ఇస్తాడు, ఊపిరి యంత్రం పెడతాడు. ఆట్రోపిన్ పొంగిన మడికి అడ్డుకట్ట లాంటిది. ఉమ్మెత్తలో ఇలాంటి పదార్థమే ఉంది గదా అని ఎవరైనా ఉమ్మెత్త గింజలు నూరి పోస్తే మాత్రం ఒక విషం మీద ఇంకో విషం పోసినట్టే.

రెండు హెచ్చరికలు. మనిషి లేచి కూర్చున్నాడని అదే రోజు ఆస్పత్రి నుంచి తీసుకురావద్దు. ఒకటి నుంచి నాలుగు రోజుల లోపల మెడ నిలపలేకపోవడం, ఊపిరి కండరాలు చచ్చుబడటం జరగవచ్చు. 1987లో శ్రీలంక డాక్టర్లు దీన్ని మొదట వివరంగా రాశారు. కొన్ని మందుల వల్ల రెండు మూడు వారాల తర్వాత కాళ్లలో తిమ్మిరి, పాదం ఎత్తలేకపోవడం రావచ్చు. అది పాత విషం తాలూకు నరాల దెబ్బ అని డాక్టరుకు చెప్పండి.

కాగితం మీది నెత్తుటి పరీక్ష

మందు డబ్బా మీద ముక్కోణం రంగు చూడమని చదువు రానివాళ్లకు కూడా చెప్పండి. ఎరుపు, పుర్రె గుర్తు ఉంటే అత్యంత విషం. తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. ఆకుపచ్చ అయినా అది కల్లు కాదు. కూరగాయల మీద మోనోక్రోటోఫాస్ వాడరాదని 2005లోనే ఉత్తర్వు వచ్చింది. ఫోరేట్, ట్రయాజోఫాస్, ఫాస్ఫామిడాన్, డైక్లోర్వాస్ 2020 డిసెంబరు 31తో పూర్తిగా నిషిద్ధమయ్యాయి. పాత డబ్బాలు పశువుల కొట్టంలో మిగిలి ఉంటే వాటిని "కొద్దిగనే ఉంది, కొట్టేయ్" అనే ఆసామి మాట వినాల్సిన పని లేదు. మందు కొట్టకుండా పంట తీయలేమనేవాళ్లకు ఉమ్మడి ఖమ్మం జిల్లా పునుకుల, వరంగల్ వైపు ఏనెబావి ఊళ్ల పేర్లు చెప్పండి. ఆ ఊళ్ల రైతులు పురుగుమందులు మానుకొని చూపించారు. శంషాబాద్‌కు పొరుగునే రాజేంద్రనగర్‌లో వ్యవసాయ విశ్వవిద్యాలయం 1964 నుంచి ఉంది. 1966లో మొదలైన సస్యరక్షణ శిక్షణ సంస్థ కూడా అక్కడే ఉంది. విద్యకు కొదవ లేదు. అది పంపు మోసేవాడి దాకా నడిచి రావాలి.

ఇక చట్టం. 1968 నాటి క్రిమిసంహారకాల చట్టం కింద 1971లో నియమాలు రాశారు. 37వ నియమం ఏమంటున్నదో వినండి. మందుల తయారీలోనూ, పిచికారీలోనూ పెట్టేవాళ్లను పనికి ముందే డాక్టరు పరీక్షించాలి. తర్వాత తయారీలో ఉన్నవాళ్లను మూడు నెలలకోసారి, మిగతావాళ్లను ఏడాదికోసారి పరీక్షించాలి. ఆర్గనోఫాస్ఫేట్లు, కార్బమేట్ల తయారీలో పనిచేసేవాళ్ల నెత్తుటిలో కోలినెస్టరేజ్ ఎంతుందో నెలనెలా కొలవాలి. కోలినెస్టరేజ్ అంటే మన నీరటే! రక్షణ బట్టలు, ముక్కుకు రక్షణ పరికరాలు, విరుగుడు మందులు, శిక్షణ - వీటికి ఆ తర్వాతి నియమాలున్నాయి. విషం సోకిన సంఘటనలన్నీ తెలియజేయాలని ఆదేశించే అధికారం చట్టంలోని 26వ సెక్షను రాష్ట్ర ప్రభుత్వానికి ఇచ్చింది.

ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ నీళ్లు చెడకూడదని 1996లో 111 జీవో తెచ్చి శంషాబాద్ వైపు పల్లెలతో సహా 84 గ్రామాలకు కట్టుబాట్లు పెట్టారు. పట్నం తాగే నీళ్లు గనక ఆ కట్టుబాట్ల మీద పాతికేళ్లు వాదులాడారు. 2008 మార్చిలో విమానాశ్రయం తెరిచారు, దానికి సుమారు 5,500 ఎకరాలు పోయాయి, ఆ ఎకరాల లెక్క కూడా పత్రికలకెక్కింది. పట్నానికి కూరగాయలు పంపే కూలీ నెత్తురు లెక్క ఏ పుస్తకంలో ఉంది? వ్యవసాయ కార్మిక సంఘం కార్యకర్తలు వచ్చే పిచికారీ సీజనుకు ముందు చేయగల పని ఒకటుంది. ఊళ్లో పంపు మోసేవాళ్ల పేర్లు, మందు కలిపే ఆడవాళ్ల పేర్లు ఒక నోటుబుక్కులో రాయండి. ఎవరు ఏ రోజు ఏ మందు కొట్టారు, ఆ సాయంత్రం ఒంట్లో ఎలా ఉంది అన్నది పక్కన రాయండి. ఆ బుక్కు పట్టుకొని, పనికి ముందే, ఆ పేర్లన్నిటికీ కోలినెస్టరేజ్ పరీక్ష చేయమని దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో రాతపూర్వకంగా అడగండి. మందు దిగకముందు బావిలో నీళ్లెన్ని ఉన్నాయో తెలిస్తేనే, ఆ తర్వాత ఎన్ని తోడారో తేలుతుంది. దరఖాస్తు నకలు మీద తేదీ వేయించి ముద్ర కొట్టించుకోవడం మరిచిపోవద్దు.